ఉద్దేశం మంచిదే, మరి మాట?

సభకు నమస్కారం.

పనిచేసే చోట కావాలని మనసు నొప్పించేవారు కొద్దిమందే ఉంటారు. ఎక్కువ బాధ మంచి ఉద్దేశంతో అన్న మాటల వల్లనే కలుగుతోందని నా అభిప్రాయం. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ మాటల గురించే.

కొత్తగా చేరిన ఉద్యోగికి ఒక పని అప్పగిస్తూ పై అధికారి, ధైర్యం చెబుదామనే, "ఇది చాలా తేలిక, ఎవరైనా చేసేస్తారు" అంటారు. మధ్యాహ్నానికల్లా ఆ ఉద్యోగి ఎక్కడో చిక్కుకుపోతారు. ఎవరైనా చేసే పని తనకు చేతకాలేదని ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? అడగడానికి మొహమాటపడి సాయంత్రం దాకా ఒంటరిగా కుస్తీ పడతారు. అదే అధికారి "మూడో భాగం దగ్గర చాలామంది ఆగిపోతారు, అక్కడికి రాగానే నన్ను పిలవండి" అని ఉంటే, ఆగిపోవడం కూడా పనిలో భాగంగానే తోచేది. అలాగే సమావేశంలో అందరినీ పేరుపేరునా మెచ్చుకుని, చివర్లో ఒకరి వైపు తిరిగి "మీరు కూడా బాగానే చేశారు" అంటే, ఆ "బాగానే" వారిని ఇంటిదాకా వెంటాడుతుంది. అన్నవారికి మాత్రం ఆ మాట గుర్తే ఉండదు.

మాట్లాడేవారికి తమ మనసులోని స్వరం కూడా వినిపిస్తూ ఉంటుంది; ఎదుటివారికి అందేది మాట ఒక్కటే. రాతలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితర మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధనలో, కొందరి చేత కొన్ని వాక్యాలను వ్యంగ్యంగా, కొన్నింటిని మామూలుగా, ఈమెయిల్‌లోనూ గొంతుతోనూ చెప్పించారు. తమ భావం సుమారు 78 శాతం సార్లు సరిగ్గా అందుతుందని చెప్పినవారు అనుకున్నారు. గొంతు విన్నవారు 73 శాతం సార్లు పోల్చుకోగలిగారు. ఈమెయిల్ చదివినవారు 56 శాతం సార్లే, అంటే గుడ్డిగా ఊహించినదాని కంటే కొద్దిగా మేలు. "ఇంకా పంపలేదా?" అని మనం మామూలుగా రాసిన ప్రశ్న నిలదీసినట్టు ధ్వనించడంలో వింత లేదు. "నాలుగింటికి నేను పైవారికి పంపాలి, మీ ఫైలు ఎప్పటికి అందుతుంది?" అని రాస్తే తొందర ఎందుకో వారికీ తెలుస్తుంది.

ఇదంతా తప్పులను దాచమని చెప్పడం కాదు. దాచడమే ఎక్కువ క్రూరమని నేను నమ్ముతాను, ఎందుకంటే తన లోపం అందరికీ తెలిశాక ఆఖరున తనకు తెలియడం కంటే అవమానం మరొకటి లేదు. అయితే "మీరెప్పుడూ ఇంతే" అన్నది మనిషి మీద తీర్పు, దాన్ని ఎవరూ దిద్దుకోలేరు. "రెండో పట్టికలో మొత్తాలు కలవడం లేదు" అంటే కూర్చుని సరిచేసుకోవచ్చు.

ఇంత జాగ్రత్తపడినా ఒక్కోసారి నోరు జారుతుంది. అప్పుడు "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెడితే, బాధపడినవారిదే పొరపాటన్నట్టు అవుతుంది. ఏ మాట తగిలిందో ముందు విని, అది అనకూడని మాటేనని ఒప్పుకోవాలి. నలుగురిలో అన్నదైతే ఆ నలుగురిలోనే ఒప్పుకోవాలి, ఎందుకంటే గదిలోకి పిలిచి చెప్పిన క్షమాపణ ఆ మాట విన్న మిగతావారికి చేరదు.