దుమ్ములగొండి ఏమైంది? ఒక చిన్న జూ రివ్యూ

అందరికీ నమస్కారం. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఎప్పుడూ రామప్ప, లక్నవరం, బొగత లాంటి చోట్ల గురించి సంతోషంగా చెబుతుంటాను. ఈసారి ఒక జూ గురించి చెప్పాలి. మనసు బాగోలేదు, ముందే చెబుతున్నాను.

ఊరి పేరు చెప్పను. ఉత్తర తెలంగాణలోనే, మాకు బస్సులో రెండు గంటల దూరం. పేరు బయటపెడితే తప్పంతా అక్కడ చిన్న జీతానికి పనిచేసే మనిషి నెత్తిన పడుతుంది. అది నాకు ఇష్టం లేదు.

ఏడేళ్ల మా అక్క కూతురిని వెంటబెట్టుకుని వెళ్లాను. టికెట్ల దగ్గరే గొడవ. నెల రోజులుగా దుప్పులు చనిపోతున్నాయని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఎన్ని అంటే మాత్రం ఎవరి లెక్క వారిది. ఒకాయన మూడంటారు, ఇంకొకావిడ తొమ్మిదంటారు. టికెట్లిచ్చే అబ్బాయి "లోపల అడగండి" అన్నాడు. లోపల అడిగితే "ఆఫీసులో అడగండి" అన్నారు. ఆఫీసుకు తాళం. భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట అన్నారు: "మా ఇంట్లో మేక చచ్చినా ఎందుకు చచ్చిందో చూస్తాం కదయ్యా!"

ఇక లోపల. మే నెల, మధ్యాహ్నం పన్నెండు. రామగుండం వైపు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు, ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. దుప్పుల ఆవరణలో సిమెంటు తొట్టి కంచెకు ఆనుకునే ఉంది. అంచుల నిండా నాచు, అడుగున బెత్తెడు నీళ్లు. చెయ్యి పెట్టి చూశాను, వేణ్నీళ్లే. అంత పెద్ద ఆవరణకు నీడనిచ్చేది ఒక్క వేపచెట్టు. పొద్దు వాలేకొద్దీ ఆ నీడ జరుగుతోంది, దానితోపాటు దుప్పులన్నీ అడుగు అడుగు జరుగుతున్నాయి. దాదాపు గంటసేపు చూశాను. హైదరాబాద్ జూలో ఎండాకాలం స్ప్రింక్లర్లు, కూలర్లు పెడతారు. అంత ఖర్చు చిన్న జూ పెట్టలేదు, నిజమే. నాలుగు వెదురు గుంజలు పాతి పైన తడి గోనెపట్టాలు కప్పడానికి ఎంత కావాలి?

అక్కడే ఇంకొకటి చూశాను. ఒక అబ్బాయి చిప్స్ తినేసి ఖాళీ ప్యాకెట్ కంచె లోపలికి విసిరాడు. ఒక దుప్పి వచ్చింది. ఉప్పు తగిలిందేమో, లోపలి వెండి పొరను నాకి నాకి, ఒక మూల నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టి అరిస్తే వదిలేసి పోయింది. ఆ అబ్బాయి తండ్రి నా వైపు కోపంగా చూశారు. దుప్పుల చావుల గురించి గేటు దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

ఇండోనేషియాలో సురబయ అనే నగరం ఉంది. అక్కడి జూలో 2012లో క్లివోన్ అనే జిరాఫీ చనిపోయింది. కడుపు కోసి చూస్తే దాదాపు 18 కిలోల ప్లాస్టిక్ ముద్ద బయటపడింది. అంతా జనం విసిరిన తినుబండారాల కవర్లే. అదే జూలో పెలికాన్లు రెక్క విప్పడానికి చోటు లేక కిక్కిరిసి ఉండేవి. 2014లో ఒక సింహం తన బోనులోనే తీగ మెడకు చుట్టుకుని చచ్చిపడి ఉంది. ప్రపంచమంతా ఆ జూ మీద మండిపడింది. జిరాఫీ కడుపు కోసి, కనిపించింది దాచకుండా చెప్పారు కాబట్టే ఆ 18 కిలోల సంగతి ఇవాళ నేను మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పకుండా పూడ్చిపెట్టి ఉంటే ముసలిదై పోయిందనుకునేవాళ్లం.

కాబట్టి ఎన్ని చనిపోయాయి అన్నదానితోనే ఆగకండి. వయసు మీరి పోయేవి ఎక్కడైనా ఉంటాయి. ఎందుకు పోయిందో చూశారా, చూసింది చెప్పారా అని అడగండి.

కారణం ఎంత చిన్నదైనా కావచ్చు. 2000లో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో కొద్దిరోజుల్లోనే పన్నెండు పులులు చనిపోయాయి. సర్రా జబ్బు. జోరీగలు కుట్టి అంటించే జబ్బది. మన పల్లెల్లో పశువులున్న వారందరికీ జోరీగ తెలుసు. అదే ఏడాది అక్టోబరులో మన హైదరాబాద్ జూలో సాకి అనే ఆడపులిని బోనులోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. ఒకచోట ఈగ, ఒకచోట దొంగ. రెండింటికీ కావలసింది రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే మనుషులు.

ఆ మనుషులు ఇక్కడ ఎందరు? నాకు కనిపించింది ఒక్కరు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. "అన్నా, దుప్పులు ఎట్లా పోయాయి?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కంచె కింద ఒకచోట మట్టి గోకి ఉన్న సందు చూపించారు. "రాత్రి కుక్కలు వస్తాయి తమ్ముడూ. ఒకదానికైతే ఒంటి మీద గాయమే లేదు" అన్నారు. అది నమ్మదగ్గ మాటే. దుప్పి జాతి భయంతో పరిగెత్తి పరిగెత్తి కండరాలు దెబ్బతిని, ఆ తర్వాత గంటలకో రోజులకో చనిపోతుంది. కుక్క పళ్లు తగలనక్కరలేదు. ఆ సందులో రెండు రాళ్లు పెట్టి ఉన్నాయి. పెట్టింది ఆయనే. కంచె బాగుచేయించమని మూడుసార్లు చెప్పారట.

చివర్లో ఒక ఖాళీ బోను. బయట బోర్డు మీద "దుమ్ములగొండి" అని రాసి ఉంది, బొమ్మ కూడా ఉంది. లోపల ఎండుటాకులు, ఎండిపోయిన తొట్టి. నేల మీద కంచె వెంట ఒక బాట, గడ్డి మొలవని బాట. ఏళ్ల తరబడి అటూ ఇటూ నడిచిన కాళ్ల బాట అది. మా పాప చువ్వలు పట్టుకుని పావుగంట వెతికింది. "ఎక్కడ దాక్కుంది మామయ్యా?" అంటుంది. ఆ అన్న వచ్చి "లేదు తల్లీ, పోయింది" అన్నారు. ఎప్పుడు, ఎందుకు అని అడిగితే తల అడ్డంగా ఊపారు.

మీ ఊళ్లో జూ ఉంటే ఇది గుర్తుంచుకోండి. 2009 నాటి జూ గుర్తింపు నియమాల ప్రకారం ప్రతి జూ మార్చి 31 నాటికి ఉన్న జంతువుల జాబితాను, ఆ ఏడాది చనిపోయినవాటి వివరాలను, పోస్టుమార్టంలో తేలిన కారణాలతో సహా ఏప్రిల్ 30 లోపు కేంద్ర జూ ప్రాధికార సంస్థకు పంపాలి. అంటే లెక్క కాగితం మీద ఉండి తీరాలి. చూడ్డానికి వెళ్లే మనకు కూడా ఒక నియమం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువుకు తిండి పెట్టినా, దాన్ని ఏడిపించినా, చెత్త వేసినా నేరమే.

జనం కోపానికి ఫలితం ఉండదనుకోకండి. ఇస్లామాబాద్ జూలో కావన్ అనే ఏనుగు 1985 నుంచి ఉండేది. తోడున్న ఆడ ఏనుగు 2012లో చనిపోయాక అది ఒంటరైంది. ఏళ్ల తరబడి జనం అడగ్గా అడగ్గా 2020 మేలో అక్కడి హైకోర్టు దాన్ని విడిపించమంది. నవంబరులో కంబోడియా చేరింది. అదే ఏడాది ఆ జూ నుంచి సింహాలను తరలించేటప్పుడు బోనులో మంట పెట్టి బెదిరిస్తే రెండు సింహాలు చనిపోయాయి. కాబట్టి మూసేయండి అని అరిచి ఇంటికి పోతే సరిపోదు. ఎక్కడికి పంపుతారు, ఎలా పంపుతారు అన్నది కూడా మనమే చూడాలి.

నిన్న హన్మకొండ పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని, సమాచార హక్కు చట్టం కింద ఆ జూకు దరఖాస్తు పంపాను. 30 రోజుల్లో జవాబు రావాలి. రాగానే ఇదే ఛానెల్‌లో చదువుతాను. దుప్పులు ఎన్ని చనిపోయాయి, పోస్టుమార్టం నివేదికల నకళ్లు ఇవ్వండి, కంచె మరమ్మతు కోసం వచ్చిన విన్నపాల మీద ఏం చేశారు అని మూడు ప్రశ్నలు రాశాను. నాలుగోది మా పాప అడిగింది, యథాతథంగా రాశాను: దుమ్ములగొండి ఎప్పుడు పోయింది, దానికి ఏమైంది?