పోస్టర్ చూశారు సరే, చేతులు కడిగారా?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మనతో ఉన్న డాక్టర్ గారు వైద్యంతో పాటు ఆరోగ్య ప్రచారాలు తయారుచేసే పని కూడా చూస్తారు. డాక్టర్ గారూ, మొహమాటం లేకుండా అడిగేస్తున్నాను. సిగరెట్ మంచిది కాదని, చేతులు కడుక్కోవాలని, టీకా వేయించుకోవాలని తెలియనివాళ్లు ఎవరున్నారండీ? మరి ఇంత ప్రచారం దేనికి?

డాక్టర్: తెలిసినా చేయరు కదా, చిక్కంతా అక్కడే ఉంది. దీని మీద 1965 నాటి ప్రయోగం ఒకటుంది, అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చేశారు. విషయం ధనుర్వాతం టీకా. కొందరు విద్యార్థులకు చూస్తేనే ఒళ్లు జలదరించే ఫొటోలున్న బుక్‌లెట్ ఇచ్చారు, ఇంకొందరికి మామూలుది. బాగా భయపడ్డవాళ్లు "తప్పకుండా వేయించుకుంటాం" అన్నారు.

హోస్ట్: వేయించుకున్నారా?

డాక్టర్: అబ్బే! టీకాకి వెళ్లినవాళ్ల లెక్క తీస్తే, ఎక్కువ భయపెట్టినా తక్కువ భయపెట్టినా చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఇంకోచోట వచ్చింది. కొందరికి బుక్‌లెట్‌తో పాటు క్యాంపస్ మ్యాప్ ఇచ్చారు, హెల్త్ సెంటర్ దగ్గర గుర్తు పెట్టి. "మీ వారం టైమ్‌టేబుల్ చూసుకోండి, ఏ క్లాసు నుంచి ఏ క్లాసుకి వెళ్లేటప్పుడు ఆ దారిన వెళ్లొచ్చో చూసుకోండి" అన్నారు. అలా చెప్పించుకున్నవాళ్లలో 28 శాతం వెళ్లారు. చెప్పనివాళ్లలో 3 శాతం.

హోస్ట్: అంటే అప్పటిదాకా హెల్త్ సెంటర్ ఎక్కడుందో వాళ్లకి తెలియదా?

డాక్టర్: వాళ్లు ఫైనలియర్ వాళ్లండీ! క్యాంపస్ అంతా తిరిగినవాళ్లు. కానీ "ఎప్పుడో వెళ్దాంలే" అన్నది "మంగళవారం రెండో క్లాసు అయ్యాక" అయ్యేసరికి కాళ్లు కదిలాయి. అందుకే పోస్టర్ డ్రాఫ్ట్ నా దగ్గరికి వస్తే ముందు చూసేది బొమ్మను కాదు. ఏ రోజు, ఏ టైముకి, ఏ గదికి వెళ్లాలి, వెంట ఏం తీసుకెళ్లాలి, ఇవి ఉన్నాయా అని చూస్తాను. "అవగాహనే ఆయుధం" లాంటి నినాదం మాత్రం పెద్ద అక్షరాల్లో తప్పకుండా ఉంటుంది!

హోస్ట్: (నవ్వు) మరి భయపెట్టడం దండగేనంటారా?

డాక్టర్: పూర్తిగా దండగ అనను. భయపెట్టి, ఏం చేయాలో చెప్పకుండా వదిలేస్తే మాత్రం మనిషి మొహం తిప్పుకుంటాడు. ఇంకో రకం బెడిసికొట్టడం కూడా ఉంది. అమెరికాలో 1998 నుంచి 2004 దాకా పిల్లలు డ్రగ్స్ జోలికి పోకుండా జాతీయ స్థాయిలో యాడ్లు నడిపారు. దాదాపు 100 కోట్ల డాలర్ల ఖర్చు. తర్వాత శాస్త్రీయంగా మదింపు చేస్తే గంజాయి వాడకం తగ్గిన దాఖలా కనబడలేదు. పైగా యాడ్లు ఎక్కువ చూసిన పిల్లల్లో కొందరు గంజాయి వైపు కాస్త మొగ్గారని కూడా తేలింది.

హోస్ట్: అదేంటండీ, వద్దంటే ఎక్కువ చేయడమా?

డాక్టర్: పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. వద్దు వద్దు అని అన్నిసార్లు చెప్తుంటే "ఓహో, మన తోటివాళ్లందరూ వాడుతున్నారన్నమాట" అని పిల్లలకి అనిపించి ఉండొచ్చట. "ఎంతమంది పాడైపోతున్నారో చూడండి" తరహా ప్రచారం ఎక్కడ చూసినా నాకు టెన్షన్ వస్తుంది.

హోస్ట్: పనిచేసినవి చెప్పండి మరి.

డాక్టర్: ఘనాలో 2003లో టీవీలో వచ్చిన చేతుల శుభ్రత యాడ్లు. ముందు అక్కడి ఇళ్లలో పరిశీలిస్తే సబ్బు దాదాపు ప్రతి ఇంట్లో ఉంది, బట్టలకీ స్నానానికీ వాడుతున్నారు. టాయిలెట్‌కి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడిగేవాళ్లు మాత్రం నూటికి నలుగురు. చేతులు చూడటానికి శుభ్రంగానే ఉంటాయి కదా, కడగాలని అనిపించదు. అందుకని యాడ్‌లో క్రిముల పాఠం జోలికి పోలేదు. ఒక తల్లి టాయిలెట్ నుంచి బయటికి వస్తుంది. చేతులకి ఊదారంగు అంటుకుని మెరుస్తుంటుంది. ఆమె ఏది ముట్టుకుంటే దానికి ఆ రంగు.

హోస్ట్: ఛీ!

డాక్టర్: చూశారా, ఆ "ఛీ" కోసమే ఆ యాడ్! 55 సెకన్లలో సబ్బుతో చేతులు కడగడం 4 సెకన్లే చూపించారు. తర్వాత అడిగితే జనం సబ్బు వాడకం పెరిగిందనే చెప్పారు.

హోస్ట్: పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమన్న ప్రచారం కూడా బాగా పనిచేసిందంటారు?

డాక్టర్: అవును, బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో మొదలైంది. అమెరికాలో పదేళ్లు తిరిగేసరికి నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల రేటు దాదాపు సగానికి తగ్గింది. అంతకుముందు బోర్లా పడుకోబెట్టమన్నది మా డాక్టర్లే, అది కూడా చెప్పుకోవాలి. అక్కడ అడిగింది ఒకే ఒక్క పని, ఖర్చు లేనిది, ఆ రాత్రి నుంచే చేయగలిగేది. అన్ని ప్రచారాలకీ ఆ అదృష్టం ఉండదు. సిగరెట్ మానడం అలాంటిది కాదు కదా.

హోస్ట్: ఇంకో డౌటు. ఘనాలో "అడిగితే చెప్పారు" అన్నారు. అడిగితే అందరూ కడుగుతున్నాం అనే అంటారు కదా?

డాక్టర్: అందుకే ఆ మాటను నేను సగమే నమ్ముతాను. చాలా ప్రచారాల రిపోర్టుల్లో అదీ ఉండదు, ఇన్ని వేల కరపత్రాలు పంచాం, ఇన్ని ర్యాలీలు తీశాం అని ఉంటుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో పరిశోధకులు ఒక పని చేశారు. సబ్బు లోపల కదలికను పసిగట్టే సెన్సర్ పెట్టి ఇళ్లలో ఇచ్చారు. కొన్ని రోజులు అలా వదిలేసి, ఒక రోజు మాత్రం ఒక మనిషిని పంపి గమనించమన్నారు.

హోస్ట్: అప్పుడు?

డాక్టర్: ఆ మనిషి కూర్చున్న రోజు సబ్బు 35 శాతం ఎక్కువ కదిలింది!

హోస్ట్: (నవ్వు) అంటే ఇంటింటికీ ఒక మనిషిని కూర్చోబెట్టాలన్నమాట!

డాక్టర్: దానికి బడ్జెట్ ఇవ్వరండీ!