ఆ కమాండ్ ఎవరి దగ్గరుంది?

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న లెక్చరర్లకు, మీ అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే సందర్భంగా లాంచర్ల గురించి చెప్పమని పిలిచారు. శాలువాలూ గట్రా చివర్లో చూసుకుందాం, ముందు విషయంలోకి వస్తాను.

లాంచర్ మీలో చాలామందికి తెలిసిందే. రెండు కీలు కలిపి నొక్కితే స్క్రీన్ మధ్యలో చిన్న పెట్టె వస్తుంది, రెండక్షరాలు కొడితే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. మాక్‌లో 2003లోనే క్విక్‌సిల్వర్ వచ్చింది, దాన్ని చూసి లినక్స్‌లో గ్నోమ్ డూ వచ్చింది. ఇప్పుడు కేరన్నర్, యూలాంచర్, ఆల్బర్ట్, రోఫీ, ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకుంటున్నారు. ఏది గొప్పదన్న వాదనలోకి నేను దిగను. రోజూ టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, కొట్టే కమాండ్లను కూడా అందులో దాచుకోవచ్చు. నా పట్టుదలంతా దాని మీదే. ఎందుకో చెప్తాను.

కొన్నేళ్లు ఒక గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల స్కానింగ్‌కి సాయం చేశాను. పీడీఎఫ్‌ని పేజీలుగా విడగొట్టాలి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, బొమ్మలు చేయాలి, ఒక్కో బొమ్మనీ బొమ్మల్లోని అక్షరాలు చదివే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌కి ఇచ్చి, భాష తెలుగని చెప్పి, అక్షరాలు బయటికి తీయాలి. దానికి రెండు మూడు లైన్ల కమాండ్ చాలు. రాసిన కుర్రాడు తెలివైనవాడు. టెర్మినల్‌లో పైబాణం నొక్కుకుంటూ పోయి పాత కమాండ్ పట్టుకునేవాడు, ఫైలు పేరు మార్చి ఎంటర్ కొట్టేవాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. వేరే ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడు. తర్వాత సిస్టమ్ స్లో అయిందని ఎవరో ఫార్మాట్ చేసేశారు.

స్కానర్ దగ్గర ఒకావిడ కూర్చునేవారు. పెళుసుబారిన కాగితం కిందికి పల్చటి అట్ట దోపి, దానితోపాటే పేజీ తిప్పేవారు. ఒక్క ముక్క రాలనిచ్చేవారు కాదు. ఆవిడ నన్నడిగారు, “సార్, ఆ నల్ల స్క్రీన్‌లో ఆయనేదో కొట్టేవారండీ, మీకు తెలుసా?” అని. అప్పటికే పని నెలల తరబడి ఆగిపోయి ఉంది. పైవాళ్లను కదిలిస్తే, “ఆవిడకెందుకు కమాండ్లు, కొత్త మనిషిని వేస్తాం” అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. పనిచేసేది ఆవిడ! పేజీ పేజీ తెలిసింది ఆవిడకి!

మిమ్మల్నే అడుగుతున్నాను, మీ ల్యాబ్‌లో బ్యాకప్ తీసే కమాండ్ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా. హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో, ఉంటుందిలే అనుకోకండి. మనం మార్చకపోతే, టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపే బ్యాష్ గుర్తుపెట్టుకునేది 500 లైన్లే, ఉబుంటులో అయితే 1000. ఫోల్డర్‌లో ఏముందో చూసే ఎల్‌ఎస్, ఫోల్డర్ మారే సీడీ లాంటి చిన్న కమాండ్లతోనే అది నిండిపోతుంది.

సరే, అక్కడ ఏం చేశామంటే, కమాండ్లన్నీ మళ్లీ రాసి ఒక స్క్రిప్ట్‌లో, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలులో, పెట్టాం. లాంచర్‌కి అది కనపడేలా దానికో డాట్ డెస్క్‌టాప్ ఫైలు రాశాం. అది మామూలు టెక్స్ట్ ఫైలే. హోమ్‌లో డాట్ లోకల్, అందులో షేర్, అందులో అప్లికేషన్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. టైప్ దగ్గర అప్లికేషన్ అని, ఎగ్జెక్ దగ్గర స్క్రిప్ట్ ఎక్కడుందో, టెర్మినల్ దగ్గర ట్రూ అని రాయాలి. పని కాగానే ఆ కిటికీ మూసుకుపోతుంది, కాబట్టి స్క్రిప్ట్ చివర రీడ్ అని ఒక లైను పెట్టండి. లేకపోతే ఎర్రర్ వచ్చినా కనపడదు.

యూలాంచర్‌లోనే షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ డాట్ డెస్క్‌టాప్ అనేది లినక్స్ డెస్క్‌టాప్‌లకు ఉమ్మడి పద్ధతులు రాసే ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ల ప్రమాణం, గ్నోమ్, కేడీఈ అనే రెండు డెస్క్‌టాప్‌లకూ అర్థమవుతుంది. రేపు లాంచర్ మార్చినా ఫైలు అలాగే పనిచేస్తుంది. పైగా నేమ్ దగ్గర తెలుగులో రాయొచ్చు. మేం “పత్రిక అక్షరాలు” అని రాశాం. ఏ రకం ఫైళ్లకో చెప్పే మైమ్‌టైప్ దగ్గర అప్లికేషన్ స్లాష్ పీడీఎఫ్ అనీ, ఎంచుకున్న ఫైలు స్క్రిప్ట్‌కి అందేలా ఎగ్జెక్ చివర పర్సెంట్ ఎఫ్ అనీ చేర్చితే, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ విత్‌లోకి వెళ్తే మన స్క్రిప్ట్ కూడా అక్కడ ఉంటుంది. ఆవిడకు అదే బాగా నచ్చింది. కొన్నాళ్లకు ఆవిడే వచ్చి, “పత్రికల అట్ట పేజీలు వదిలేసేలా చేయండి సార్, బొమ్మల మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయి” అన్నారు. కమాండ్ రాసిన కుర్రాడికి గానీ, నాకు గానీ ఆ ఆలోచన రాలేదు.

ఒక్క జాగ్రత్త. ఫైళ్లు చెరిపే కమాండ్‌ని ఇలా దాచేటప్పుడు, స్క్రీన్ మీద ప్రశ్న పెట్టె చూపించే జెనిటీ అనే ప్రోగ్రామ్‌తో “నిజంగా చెరిపేయాలా?” అని అడిగించండి. లాంచర్‌లో ఒక ఎంటర్‌తో పని జరిగిపోతుంది, ఆలోచించుకునే టైము ఉండదు. పాస్‌వర్డ్ మాత్రం స్క్రిప్ట్‌లో ఎప్పుడూ రాయొద్దు, దయచేసి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు తెరవండి. టెర్మినల్‌లో హిస్టరీ అని కొట్టి, ఎక్కువసార్లు కనపడే పెద్ద కమాండ్ ఒకటి పట్టుకోండి. దాన్ని మీ పక్కన కూర్చున్నవాళ్లు నడపగలిగేలా ఇప్పుడే ఫైలు రాద్దాం. బాబూ, ఆ ప్రొజెక్టర్ ఆన్ చెయ్యి.