పడుకున్న సొర పక్కన ఎలా మసలుకోవాలి
(చెన్నైలో తెలుగు డైవర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు మన మాట నర్స్ షార్క్ అనే సొర గురించి. కాసిమేడు చేపల రేవు నుంచి పాల సొర తెచ్చి పిట్టు చేసుకునే ఊరు మనది. కాబట్టి ముందుగా ఒక మాట. పేరులో నర్సు ఉంది గానీ, బాలింతలకు పెట్టే పాల సొరకూ నర్స్ షార్క్‌కూ ఏ సంబంధమూ లేదు. అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో మీకు కనిపించే నర్స్ షార్క్ శాస్త్రీయ నామం నెబ్రియస్ ఫెర్రుజినియస్. 3 మీటర్లు దాటి పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించేది దీని అట్లాంటిక్ దాయాది, జింగ్లిమోస్టోమా సిరాటం. దాని రెక్కల కొనలు గుండ్రం, మన దానివి కోసు.

పగలు ఇది పగడపు అరుగుల కింద, గుహల్లో, ఒక్కోసారి ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. కొన్ని సొరలకు ఆగకుండా ఈదితేనే ఊపిరి ఆడుతుంది. దీనికి ఆ అవసరం లేదు. దగ్గరగా గమనిస్తే నోరు మెల్లగా తెరుచుకుని మూసుకోవడం, ఆ వెంటనే మొప్పల చీలికలు కదలడం కనిపిస్తాయి. నోటితోనే నీళ్లు తోడి మొప్పల్లోకి పంపుతోందన్నమాట. అది చచ్చిపోలేదు, మత్తులోనూ లేదు.

చీకటి పడ్డాక వేట. పై పెదవి దగ్గరున్న రెండు మీసాలను ఇసుకకు ఆనించి తడుముతుంది. ఆక్టోపస్ దాగిన బొరియ దొరికితే మూతిని అక్కడే ఆనించి, గొంతును ఒక్కసారిగా విప్పుతుంది. లోపలున్నది నీటితో సహా నోట్లోకి వచ్చేస్తుంది. ఈ పీల్పు నోటి ముందు ఒకటి రెండు అంగుళాల మేరే పనిచేస్తుంది, అందుకే అంత దగ్గరికి వెళ్లాలి. పీతలు, చిన్న చేపలు కూడా ఇలాగే దొరుకుతాయి.

మనుషులను కరిచిన సందర్భాల్లో ఎక్కువ భాగం తోక పట్టుకోవడం వల్లో, చేత్తో తిండి పెట్టడం వల్లో జరిగినవే. పళ్లు చిన్నవే, కానీ వరసలు వరసలుగా ఉంటాయి. కరిస్తే ఓ పట్టాన వదలదు. చేయి గుంజుకుంటే కండ చీలుతుంది. వీలైనంత కదలకుండా ఉండి, అది వదిలేదాకా ఆగడం మేలు. గుహ మూతికి అడ్డంగా ఎప్పుడూ నిలబడకండి, పక్కకు ఉండండి. బెదిరిన సొరకు బయటికి దారి మీ మీదుగానే ఉంటే ఢీకొంటుంది. టార్చి నేరుగా కళ్లలోకి కొట్టవద్దు.

నెబ్రియస్ పిల్లలు తల్లి కడుపులోనే ఫలదీకరణ కాని గుడ్లను తిని పెరుగుతాయి. అందువల్ల కాన్పుకు పుట్టేవి చాలా తక్కువ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. పైగా ఇది తిరిగి తిరిగి అదే గుహకు వస్తుంది. మీరు ఫోటో పెట్టండి, సంతోషం. గుహ ఎక్కడుందో మాత్రం రాయకండి.