స్టార్టర్ డబ్బా

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, సీనియర్లకు, నాతోపాటు ఈ ఏడాది చేరిన మీ అందరికీ నమస్కారం.

పేరు, ఊరు, ర్యాంకు, ఇష్టమైన సబ్జెక్టు, హాబీ మూడు నిమిషాల్లో చెప్పమన్నారు. పేరు ఇప్పుడే మేడం చదివారు. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. హాబీ క్రికెట్టు. ఇక ర్యాంకు. హాస్టల్లో దిగినప్పటి నుంచి ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, అనగానే అందరూ "అయ్యో, కంప్యూటర్స్ రాలేదా?" అంటున్నారు. వచ్చే ర్యాంకేనండీ! వెబ్ ఆప్షన్లలో మొదటిది ఇదే పెట్టుకున్నాను.

ఇంటి దగ్గర బోరు ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే ఇది మీకే చెబుతున్నాను.

నేను పదో తరగతిలో ఉండగా మా చేలో మోటారు మాటిమాటికీ ట్రిప్ అయ్యేది. స్టార్టర్ డబ్బాలో రిలే ఉంటుంది. అందులో రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీలు కరెంటు ఎక్కువైతే వేడెక్కి వంగుతాయి, మోటారు ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా చేనిదాకా నడిచి వెళ్లి బటన్ నొక్కాల్సింది నేనే. విసుగెత్తి, మెకానిక్ వచ్చినప్పుడు రిలే తీసేసి డైరెక్ట్ చేయమని పట్టుబట్టాను. చేశాడు. మోటారుకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కో తీగది ఒక ఫేజు. కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేసే మా ఆటో స్టార్టరేమో చవకది, ఎన్ని ఫేజులు వస్తున్నాయో చూసుకోదు.

ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయి రెండు ఫేజులే వచ్చాయి. మూడు ఫేజులుంటేనే మోటారులో అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఒకటి పోతే అక్కడికక్కడే కొట్టుకుంటుంది. ఆగి ఉన్న మోటారు కదలదు, కరెంటు మాత్రం నాలుగైదు రెట్లు లాగుతుంది. తెల్లారి వెళ్లేసరికి ఫేజుకొకటి చొప్పున ఉండే లైట్లలో ఎరుపు, పసుపు వెలుగుతున్నాయి, నీలం లేదు. పైపులు ఒక్కొక్కటే విప్పి మోటారు పైకి తీయడానికి సాయంత్రమైంది. వైండింగ్ షాపులో విప్పితే తీగల మీది తొడుగు కరిగి నల్లటి ముద్దయి ఉంది. ఆ వాసన నా చొక్కాకు కూడా పట్టింది. వేరుశనగ ఊడలు దిగే సమయం. నాన్న కరెంటును తిట్టారు. నేనూ గొంతు కలిపాను. రిలే మాట మాత్రం ఎత్తలేదు.

ఇష్టమైన సబ్జెక్టు అడిగారు కదా, ఈ మోటార్ల గురించి చెప్పే మెషీన్స్. అది రెండో ఏడాది దాకా రాదట. అప్పటిదాకా సీనియర్లు ల్యాబులో ఒక మూల నిలబడనిస్తే చాలు. కెమిస్ట్రీలో మాత్రం నేను వీకు, ముందే చెప్పేస్తున్నాను.

బెల్లు కొట్టారు, ఒక్క నిమిషం సార్. చేతులెత్తినవాళ్లు ఈ శనివారం ఊరికి వెళితే, కరెంటు పనులు తెలిసినవాళ్లను పిలిచి, మెయిన్ ఆపించి డబ్బా తెరిపించండి. మీరు చేయి పెట్టకండి. రిలే ఉందా, డైరెక్ట్ చేశారా చూసి సోమవారం నాకు చెప్పండి. నాది మూడో బెంచీ, కిటికీ పక్కన.