ఎవరికి వేశావని ఇంట్లో అడిగితే

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఓటు హక్కుపై మీ సందేహాలకు రాజనీతి శాస్త్ర అధ్యాపకురాలు సమాధానమిస్తారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఇంట్లో ఎవరికి ఓటు వేయాలో మామగారే నిర్ణయిస్తారు, వేసి వచ్చాక ఒక్కొక్కరినీ అడుగుతారు. ఆయనంటే నాకు గౌరవమే కానీ, ఈసారి నా ఆలోచన వేరుగా ఉంది. నిజం చెబితే గొడవ అవుతుంది, అబద్ధమాడడానికి మనసొప్పదు.

అధ్యాపకురాలు: అమ్మా, రహస్య ఓటు పుట్టిందే ఇటువంటి ఇబ్బందిలోంచి. బ్రిటన్‌లో 1872లో చట్టం వచ్చేదాకా ఓటరు అందరి ఎదుట అభ్యర్థి పేరు చెప్పి ఓటు వేసేవాడు. 1868 ఎన్నికల్లో భూస్వాములకు నచ్చని అభ్యర్థులను బలపరిచినందుకు వేల్స్‌లో అనేక మంది కౌలు రైతులు తాము సాగు చేసుకుంటున్న భూములను కోల్పోయారు. వారికి ఓటు హక్కు ఉండి కూడా, దాన్ని తమ ఇష్టప్రకారం వాడుకునే ధైర్యం చేస్తే బతుకుతెరువే పోయేది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస రాజ్యాలు 1856లోనే రహస్య బ్యాలెట్‌ను చట్టం చేశాయి. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 21వ అధికరణం కూడా ఎన్నికలు రహస్య ఓటుతో గానీ, అంతే స్వేచ్ఛ ఉన్న మరో పద్ధతిలో గానీ జరగాలంటుంది.

శ్రోత: అయితే అడిగినప్పుడు ఏమని చెప్పాలండీ?

అధ్యాపకురాలు: "నా ఓటు సంగతి నేనెవరికీ చెప్పను మామయ్యా" అని పోలింగ్‌కు ముందే నెమ్మదిగా చెప్పండి. ఆయన చెప్పినవారికే ఓటు వేసిన ఏడాది కూడా ఆ మాట మీదే ఉండండి. ఎందుకంటే, ఏకీభవించినప్పుడు చెప్పి, విభేదించినప్పుడు మౌనంగా ఉంటే ఆ మౌనమే మీ ఓటును బయటపెడుతుంది. బ్యాలెట్‌ను ఫొటో తీయడాన్ని అనేక దేశాలు నిషేధించడం వెనుకా ఇదే ఆలోచన ఉంది: రుజువు చూపగలిగే ఓటును బెదిరించి రాబట్టవచ్చు, డబ్బిచ్చి కొనవచ్చు.

వ్యాఖ్యాత: అంటే ఇంట్లో రాజకీయాలే మాట్లాడకూడదా?

అధ్యాపకురాలు: తప్పకుండా మాట్లాడాలి. ఫలానా అభ్యర్థి ఎందుకు మంచివాడో మామగారిని అడగండి, ఆయన అనుభవాన్ని శ్రద్ధగా వినండి, మీ అభ్యంతరాలూ చెప్పండి. ఆ చర్చ ఎంతసేపు సాగినా మంచిదే. బ్యాలెట్‌పై గుర్తు పెట్టేటప్పుడు మాత్రం మీరు ఒక్కరే ఉండాలి.

శ్రోత: మా వారికి కూడా చెప్పనక్కర్లేదా?

అధ్యాపకురాలు: చెప్పాలనిపిస్తే చెప్పండి, అది మీ ఇష్టం. ఆయన అడిగారు కాబట్టి చెప్పి తీరాలని మాత్రం లేదమ్మా.