నీరసం కాదండీ, అప్పు!

"నాకూ రోజూ నీరసంగానే ఉంటుంది, ఆ జబ్బేదో నాక్కూడా ఉందేమో!"

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ జోకు వేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు సగం పేరుదే లెండి. ఎంఈ (మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్) అనే పాత పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 1969లోనే నాడీవ్యవస్థ జబ్బుల్లో చేర్చింది. 1988లో అమెరికావాళ్ళు ఫెటీగ్, అంటే అలసట, అని పేరు పెట్టారు. జనం "ఓస్, అలసటేగా" అనేశారు.

నేనైతే దీన్ని అప్పు అంటాను. మనకు అలసటంటే జేబులో డబ్బు అయిపోవడం. రాత్రి పడుకుంటే పొద్దునకు జేబు నిండుతుంది. ఈ జబ్బున్నవాళ్ళు ఎంత పడుకున్నా నిండదు. ఏ పని చేసినా అప్పే. పైగా అప్పిచ్చినవాడు మహా మర్యాదస్తుడు, వెంటనే అడగడు. ఇవాళ తలస్నానం చేశారనుకోండి. స్టూల్ మీద కూర్చుని, మధ్యమధ్యలో చేతులు దించుకుంటూ ఎలాగో ముగించారు. సాయంత్రానికి బాగానే ఉన్నారు. ఎల్లుండి పొద్దున్నే వాడు వడ్డీతో సహా వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. ఇక కర్టెన్లు దించేయాలి, ఫోన్ వెలుగు కూడా కళ్ళకు గుచ్చుకుంటుంది, పక్కగదిలో గ్లాసు పడినా తల పగిలిపోతుంది. డాక్టర్లు దీన్ని పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అంటారు. సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత మొదలై, ఒక్కోసారి వారాలు ఉంటుంది.

"రోజూ కాస్త వాకింగ్ చెయ్యండి" అనేవాళ్ళకు చెబుతున్నా: అది పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయమనడం. డాక్టర్లూ ఏళ్ళ తరబడి ఇదే చెప్పారు. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్సో చెప్పే నైస్ సంస్థ 2021లో ఆ వ్యాయామ చికిత్స వద్దని మార్గదర్శకాలు మార్చింది.

ఇక ఈ జబ్బు మీద పరిశోధనకు విరాళాలు. నిధుల కోసం అందరూ ముందు పెట్టేది 5కె రన్! రోగుల్లో కనీసం నాలుగో వంతు మంది ఇల్లో మంచమో దాటలేని దశ చూసినవాళ్ళే. వాళ్ళు పరుగుకు ఎలా వస్తారండీ? 2016లో వాషింగ్టన్‌లో పరిశోధనకు నిధులు కావాలంటూ చేసిన నిరసనకు రాలేని రోగుల బదులు వాళ్ళ చెప్పులూ బూట్లూ వరసగా పేర్చారు. అదీ తెలివంటే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. దీన్ని ఖాయంగా చెప్పే రక్తపరీక్ష లేదు, దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. పరిశోధనకు డబ్బు కావాల్సింది అందుకే. డీకోడ్ ఎంఈ అధ్యయనంలో 15 వేల మందికి పైగా రోగుల డీఎన్ఏ పరిశీలించి, 2025లో జన్యువుల్లో 8 చోట్ల తేడాలు గుర్తించారు. శాంపిల్‌గా ఇచ్చింది ఇంట్లోంచి పోస్టులో పంపిన ఉమ్మే!

మే 12 అవగాహన దినం. మీరేదైనా కార్యక్రమం పెడితే రోగిని స్టేజీ ఎక్కించి "నాలుగు మాటలు చెప్పండి" అనకండి. ఆ నాలుగు మాటలకూ వడ్డీ పడుతుంది. ఓపిక ఉన్నప్పుడు రెండు వాక్యాలు రాసి పంపమనండి, మీరు చదవండి. ఈ వీడియోకి మ్యూజిక్ పెట్టనిదీ, వెనకాల తెర నల్లగా ఉంచిందీ వాళ్ళ కోసమే.